ఒకటో తరగతి దాటని సారు

ఆయన పోయిన రోజు మా మూడు ఊర్లలో ఒక్క కంప్యూటర్ కూడా ఆగలేదు.

సిరిసిల్ల నుంచి లావణ్య ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది. అక్కడ మా యూనిఫాంలు కుట్టే షెడ్డులో కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి. "పొద్దుగాల లేవలేదంట సార్, నిద్రలనే పోయిండంట" అని కాసేపు ముక్కు చీది, ఆ తర్వాత అలవాటు కొద్దీ, "సార్, ఆరో తరగతి లాగుల లిస్టు పంపిన, మీ దగ్గర తెరుసుకున్నదా?" అని అడిగింది.

తెరుచుకుంది. ఎప్పటికంటే తొందరగానే తెరుచుకుంది. నాకు ఒళ్లు మండింది. మా మేనమామ పోయినప్పుడు కోరుట్లలో ఆయన కిరాణా దుకాణం కాంటా రెండు రోజులు సరిగ్గా తూగలేదు. అంతకుముందు కూడా తూగలేదనుకోండి, అది వేరే సంగతి. పదేండ్లు సాకిన మనిషి పోతే ఒక్క మిషినన్నా ఓ నిమిషం మొరాయించొద్దా?

"సార్, అచ్చే సోమవారమే మొదటి సోమవారం. ఆయన లేకుంట ఎట్ల?" అంది లావణ్య.

బేరగాడికి జవాబు లేకపోతే గొంతు సవరించుకుంటాడు. అదే చేసి ఫోన్ పెట్టేశాను.

మొదటి సోమవారం అంటే ఏమిటో చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి. పేరు రాయను. ఆయనకు పేర్లంటే పడేది కాదు. కొత్త కంప్యూటర్ పెట్టె వస్తే దాని మీదున్న కంపెనీ స్టిక్కర్లన్నీ గోటితో గోకేసేవాడు. "ఎందుకు సారూ, మంచిగ మెరుస్తున్నది గద" అంటే, "జిగురుకు దుమ్ము పడుతది సేటూ" అనేవాడు. మా బజారులో ఆయన వైర్ల సారు. దుకాణాల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి, అవి పోట్లాడుకోకుండా చూడటం ఆయన పని. మందుల హోల్‌సేల్ వాళ్లకు, రెండు విత్తనాల దుకాణాలకు, మాకు, ఇంకా ఎవరెవరికో. సిరిసిల్లలో పొద్దున బస్సెక్కి, భుజాన ఒక ఖాకీ సంచితో జగిత్యాలలో దిగేవాడు. ఆ సంచిలో వైర్లు పరీక్షించే డబ్బా, స్క్రూడ్రైవర్లు, గోడలకు రంగులేసే కుచ్చు బ్రష్షు ఒకటి, సర్వపిండి పెట్టుకున్న స్టీలు డబ్బా. బ్రష్షు మా కోసం. బట్టల దుకాణంలో కంప్యూటర్ కడుపు నిండా నూగే ఉంటుంది.

మాది దుకాణాల కుటుంబం. నాకు నడక రాకముందే బేరం వచ్చిందని మా అమ్మ అనేది. మా నాయన బట్టల దుకాణాన్ని నేను బడి పిల్లల డ్రస్సుల దుకాణం చేశాను. జగిత్యాలలో పెద్దది, కోరుట్లలో చిన్నది. కుట్టేది మాత్రం సిరిసిల్లలో. అక్కడ బట్టా దొరుకుతుంది, కుట్టే చేతులూ దొరుకుతాయి. ఏప్రిల్‌లో సెలవులియ్యకముందే బడి బడికీ పోయి, ప్రతి పిల్లవాణ్ని నిలబెట్టి కొలతలు తీసుకుంటాం. కంప్యూటర్‌లో ఎక్కిస్తాం. ఆ లిస్టు చూసి మే నెలంతా సిరిసిల్లలో కత్తిరించి కుడతారు. జూన్‌లో బడి తెరిచే రోజుకు ఎవరి పేరున వాళ్ల ప్యాకెట్ తయారుగా ఉండాలి. మూడు ఊర్లలో ఒకే లిస్టు కనపడాలి. అందుకు ఆయన.

మొదటిసారి వచ్చిన రోజు ఏ మిషినూ ముట్టుకోలేదు. గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చుని, అరగంట సేపు మా వాళ్లను చూస్తూ ఉన్నాడు. ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎవరి మోకాలు ఏ వైరుకు తగులుతుంది, చాయ్ గ్లాసు ఎక్కడ పెడతారు.

నాకు ఆగలేదు. "సారూ, ఊరికె కూసున్నందుకు గూడ పైసలేస్తవా?"

"కూసున్నందుకు కాదు సేటూ. చూసినందుకు."

ఆ తర్వాత తన ధర చెప్పాడు. నేను పద్ధతి ప్రకారం సగం నుంచి మొదలుపెట్టాను. ఆయన నొచ్చుకోలేదు. చాయ్ ఎప్పుడూ సగం గ్లాసే తాగుతాడు, ఆ సగం తాగి గ్లాసు కింద పెట్టి, "తగ్గిస్త. గని ఒక షరతు" అన్నాడు. "మీ పిలగాండ్ల కొలతలన్ని ఇంకో డబ్బల కాపీ చేసి దాస్త. నెలకోసారి, మొదటి సోమవారం నాడు, ఆ దాసిన దాంట్లకెల్లి నువ్వు నీ చేతులతోని తీసి చూపియ్యాలె. నేను పక్కన కూసుంట. ముట్ట."

"గంతేనా?"

"గంతే."

"తీసుడు దేనికి సారూ? దాసినవు గద?"

"దాసుడు ఎవలైన దాస్తరు. తీసినప్పుడే తెలుస్తది, దాసింది ఉన్నదో లేదో."

ఆ రోజు ఇంటికి పోయి మా ఆవిడ ముందు గొప్పలు పోయాను. తన పని నాతో చేయిస్తా అని షరతు పెట్టి, పైగా ధర కూడా తగ్గించుకున్న అమాయకుడు దొరికాడని. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ, "గట్లయితే పని ఎవలు చేస్తున్నట్టు?" అంది. ఆమెకు బేరాలు తెలియవు పాపం అనుకున్నాను.

లిస్టు పని చేస్తుందో లేదో చూడటానికి మొదట ఒక పేరు ఎక్కించాలన్నాడు. పిల్లలెవరూ ఎదురుగా లేరు. "నన్నే కొలువుండ్రి" అని తానే వెళ్లి కొలతలు తీసే మా టైలర్ మాస్టర్ ముందు చేతులు చాపి నిలబడ్డాడు. మాస్టర్ టేపు వేసి, ఛాతి, చెయ్యి, పొడుగు, ఒక్కొక్కటే చెప్తుంటే నేను కొట్టాను. భుజం దగ్గర మాస్టర్ ఆగి రెండుసార్లు కొలిచాడు. "సార్, మీ కుడి భుజం అర ఇంచు కిందికున్నది."

"సంచి బరువు" అన్నాడాయన. "రాయి సేటూ, ఉన్నది ఉన్నట్టు."

రాశాను. బడి పేరు అడిగింది కంప్యూటర్. "పరీక్ష బడి" అని కొట్టించాడు. తరగతి అడిగింది. "మొదలు పెట్టేది ఒకటిల్నే గద" అన్నాడు. అలా మా లిస్టులో మొట్టమొదటి విద్యార్థి ఆయనే. ఏటేటా జూన్‌లో ఒక మీట నొక్కితే పిల్లలందరూ పై తరగతికి పోతారు. ఆయన ఒక్కడు పోడు. ఆయన రికార్డును అలా కట్టేసి పెట్టాడు. సిరిసిల్ల షెడ్డులో ఆడవాళ్లకు ప్రతి ఏడూ అదే నవ్వు. "సారు గీ ఏడు గూడ ఫెయిలే?" అని ఎవరో ఒకరు అనాలి, ఆయన సర్వపిండి నములుతూ, "లెక్కలు రాలే అవ్వా" అనాలి.

ఆయన సాంచల ఇంట్లో పుట్టినవాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. చిన్నప్పుడు వాళ్ల నాయన సాంచల మధ్య తిరుగుతూ తెగిన పోగులు అతికేవాడట. మిషిన్ల గురించి ఆయనకు తెలిసిందంతా అక్కడిదే అనిపించేది నాకు. "పోగు తెగితే సాంచ ఆగాలె సేటూ. ఆగింది అంటే మంచి సాంచ. తెగినంక గూడ నడుసుకుంట పోయిందనుకో, బట్టంత ఖరాబు." కంప్యూటర్ ఆగిపోయిందని నేను మొత్తుకుంటుంటే సంతోషపడే మనిషిని ఆయన్నొక్కణ్నే చూశాను. వైర్లకు కూడా కాగితం చీటీలు అంటించేవాడు కాదు. షెడ్డులో కత్తిరించగా మిగిలిన పేలికలు ఏరుకొచ్చి ముడులు వేసేవాడు. జగిత్యాల వైరుకు ఎర్ర పేలిక, కోరుట్లకు ఆకుపచ్చ, సిరిసిల్లకు పసుపు. ఎన్నో కంప్యూటరో అన్ని ముడులు. ఎండకు జిగురు ఊడుతుంది, సిరా వెలుస్తుంది, ముడి మాత్రం చీకట్లో చెయ్యి పెట్టినా తెలుస్తుంది అనేవాడు. మా ఇంటికొచ్చిన చుట్టమొకడు దుకాణంలో కంప్యూటర్ల వెనక ఆ రంగుల పేలికలు చూసి, "ఏమన్న మొక్కున్నదా?" అని అడిగాడు.

ఫోన్ చేసి ఏదన్నా చెడిపోయిందంటే, ఎవరైనా సరే, ఆయన మొదటి ప్రశ్న ఒక్కటే. "నిన్నటికి ఇయ్యాల్టికి ఏం మారింది?"

జవాబు కూడా ఒక్కటే. "ఏం మారలే సార్."

అప్పుడాయన ఏమీ అనడు. ఊరుకుంటాడు. ఫోన్‌లో ఆ మౌనాన్ని తట్టుకోవటం కష్టం. కోరుట్ల దుకాణంలో రోజూ పన్నెండున్నరకు లైను పోయి ఒంటిగంటన్నరకు వచ్చేది. వారం రోజులు ఇంటర్నెట్ వాళ్లను తిట్టాను. ఈయన ఫోన్‌లో మౌనంగా ఉన్నాడు, ఉన్నాడు, చివరికి మా కౌంటర్ ఆమె, "ఏం మారలే సార్, అన్నం కుక్కర్ తెచ్చుకున్న, గంతే" అంది. నెట్‌వర్క్ పెట్టె ప్లగ్గు పీకి ఆ జాగలో కుక్కర్ పెట్టేది. నేనైతే నాలుగు మాటలు అనేవాణ్ని. ఆయన కోరుట్ల పోయి, కుక్కర్‌కు వేరే బోర్డు బిగించి, ఆమె పెట్టిన అన్నంలో చారు పోసుకుని తిని వచ్చాడు. "ఆకలైన మనిషికి ఎక్కడ ప్లగ్గుంటె అదే ప్లగ్గు సేటూ. మనిషి అలవాటు మారది. మిషిన్ అలవాటు మారుద్దాం."

ఆ మాట నాకూ వర్తిస్తుందని తర్వాత తెలిసింది.

తొలి మొదటి సోమవారం నాడు ఆయన పక్కన కూర్చోగా నేను కాపీ డబ్బా తెరిచాను. ఖాళీ. ఒక్క పిల్లవాడు లేడు, ఒకటో తరగతి సారు కూడా లేడు. నాకు నవ్వొచ్చింది. బేరంలో ఎదుటివాడి సరుకు నాసిరకమని తేలితే వచ్చే నవ్వు. "గిదేంది సారూ, గిట్లనేనా దాసుడు?"

ఆయన నవ్వలేదు. "నిన్నటికి ఇయ్యాల్టికి" అనబోయి, మానుకుని, ఆ రోజు సిరిసిల్ల బస్సు ఎక్కకుండా దుకాణం కట్టేసేదాకా స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఎప్పటిలాగే దుకాణం కట్టాను. గల్లాకు మొక్కాను, లైట్లు ఆర్పాను, మెయిన్ దించాను, షట్టర్ లాగి, తాళం మూడుసార్లు గుంజి చూశాను. బట్టల దుకాణం వాళ్లెవరూ మెయిన్ దించకుండా ఇంటికి పోరు. ఎక్కడో ఒక నిప్పురవ్వ పడితే తెల్లారేసరికి బూడిదే. మా తాత నుంచి వస్తున్న భయం అది. ఆయన రోడ్డు మీద నిలబడి అంతా చూసి, పడీ పడీ నవ్వాడు.

"నేను రాత్రి పదిగొట్టంగ కాపీ పెట్టిన. నువ్వు తొమ్మిదింటికే దాని పానం తీస్తున్నవు."

ఇంకొకరైతే మెయిన్ దించొద్దని చెప్పేవాళ్లు. ఆయన చెప్పలేదు. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నేను దుకాణం తెరిచి, మెయిన్ ఎత్తి, దేవుని గూట్లో దీపం పెట్టి, ఊదుబత్తి వెలిగించాను. ఊదుబత్తి ఆరేదాకా మా దుకాణంలో ఎవరూ ఏమీ ముట్టరు, బోణీ కూడా చెయ్యం. ఆయన గడియారం చూసుకున్నాడు.

"గిదే టైము" అన్నాడు. "నీ ఊదుబత్తి కాలినంతసేపట్ల కాపీ అయితది. ఇంక నీ దుకాణంల ఎవ్వరు చెయ్యి పెట్టని, ఎవ్వరు సామాను పెట్టని జాగ ఏది?"

"దేవుని గూడే సారూ."

ఆ కాపీ డబ్బా దేవుని పటం పక్కకు చేరింది. మా ఆవిడ శుక్రవారం నాడు దానికి కూడా బొట్టు పెట్టబోతే, "బొట్టు పెట్టుండ్రి గని నీళ్లు చల్లకుండ్రి" అని ఒప్పందం చేసుకున్నాడు.

రెండేండ్లు నెల నెలా నేను తీశాను. కాపీ నుంచి తీసి నేను ఒక పాత కంప్యూటర్‌లో చదువుతాను. సిరిసిల్లలో లావణ్య అసలు లిస్టు ముందు పెట్టుకుని కలిసిందో లేదో చెప్తుంది. ఎప్పుడూ మొదటిది ఆయనదే. ఛాతి, చెయ్యి, పొడుగు, కుడి భుజం అర ఇంచు కిందికి. "కలిసింది సార్." ఆ తర్వాత చీటీ వేసి ఇంకో పదిమంది పిల్లలవి. నాకు విసుగొచ్చేది. ఒకసారి కాపీ సగమే ఉంది. ఏం మారలేదని ప్రమాణం చేశాను. ఆయన ముక్కు ఎగబీల్చి, "వాసన మారింది" అన్నాడు. నిజమే. డజను మీద డజను ఫ్రీ అని చవక ఊదుబత్తీలు తెచ్చాను. అవి పొట్టివి. సగం టైములోనే ఆరిపోతున్నాయి, మావాళ్లు బిల్లులు మొదలుపెడుతున్నారు, కాపీ మధ్యలో తెగుతోంది. ఆయన ఏమీ అనకుండా బజారుకు పోయి పాత రకం కట్ట కొనుక్కొచ్చి దేవుని గూట్లో పెట్టాడు. ఆ చవక కట్టలన్నీ మా ఆవిడ ఇంట్లో దోమలకు వెలిగించింది.

అప్పుడొచ్చింది ఆ రోహిణి కార్తె.

పద్దెనిమిది బడుల్లో ఏడు బడుల డ్రస్సులే కత్తిరించారు. పదకొండు బడుల లిస్టు సిరిసిల్లలో ఇంకా కాగితం మీదికి దించుకోలేదు. బడులు తెరవటానికి పదహారు రోజులుంది. మిట్టమధ్యాహ్నం జగిత్యాల దుకాణంలో అసలు లిస్టున్న కంప్యూటర్ బిగుసుకుపోయింది. లోపలి నుంచి టక్, టక్ అని ఒక చప్పుడు, గోడగడియారం లాగ. లావణ్య ఫోన్ చేసింది, "సార్, లిస్టంత తెల్లగైంది." నేను ఆయనకు చేశాను.

"ఫోను మిషిన్ కాడ పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ టక్ టక్ విన్నాడు.

"పోగు తెగింది సేటూ. ప్లగ్గు తియ్యి. మల్ల మల్ల ఏసి చూడకు. నేనచ్చేదాక చేతులు కట్టుకొని కూసో."

మూడు గంటలు. చేతులు కట్టుకుని కూర్చోవటం నా వంశంలో లేదు. కాగితం చీటీలు గుర్తొచ్చాయి. బడుల దగ్గర కొలతలు ముందు చీటీల మీదే రాసుకుంటాం. ఏప్రిల్ ఆఖర్లో ఆ కట్టలన్నీ మా దుకాణం ముందున్న మిర్చీల బండికి ఇచ్చేశాను. ఊరికే ఇవ్వలేదు. వారం రోజుల మిర్చీలకు మాట్లాడుకుని ఇచ్చాను. పరుగెత్తుకుంటూ బండి దగ్గరికి పోతే, అతను అడుగున వెతికి నాలుగు చీటీలు ఇచ్చాడు. ఒకదాని మీద నడుము ఇరవై రెండు అని ఉంది. ఎవరి నడుమో పేరు మీద నూనె మరక.

"మిగిలినయి?"

"తిన్నోళ్లు తీస్కపోయిరి గద సేటూ. నువ్వు గూడ తింటివి."

పిల్లలను మళ్లీ కొలుద్దామంటే ఎక్కడని కొలవాలి? సెలవులు. ఒకరు వెల్గటూర్‌లో, ఒకరు బీర్పూర్‌లో, ఒకరు బుగ్గారంలో, అమ్మమ్మల ఇండ్లలో. వాళ్ల అమ్మానాన్నల్లో సగం మంది కూలికి పోయేవాళ్లు. డ్రస్సు కోసం ముందే పైకం కట్టినవాళ్లు. బడి తెరిచిన రోజు అందరూ కొత్త బట్టల్లో ఉంటే, నిరుటి పొట్టి లాగు వేసుకుని వరసలో నిలబడే పిల్లవాడు ఎట్లా ఉంటాడో నాకు తెలుసు. మా నాయన సొంత బట్టల దుకాణం ఉండీ, అమ్ముడుపోని తానులోంచి నాకు డ్రస్సు కుట్టించేవాడు. ఎప్పుడూ రంగు కలిసేది కాదు. అటు సిరిసిల్లలో నలభై మంది ఆడవాళ్లు మిషిన్ల ముందు పని లేక కూర్చున్నారు. కుడితేనే వాళ్లకు కూలి.

ఆయన వచ్చాడు. బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన మొహం కడుక్కున్నాడు, సగం గ్లాసు చాయ్ తాగాడు. ఆ చాయ్ తాగినంతసేపు నాకు ఆయన గొంతు పిసకాలనిపించింది. చచ్చిపోయిన డిస్కు ఊడదీసి, దానికి ఒక తెల్ల పేలిక కట్టి పక్కన పెట్టాడు. సంచిలోంచి కొత్తది తీసి బిగించాడు. దేవుని గూట్లోంచి డబ్బా దించి, వైరు తగిలించి, కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"కూసో. తియ్యి."

"నేనా? సారూ, గిది పరీక్ష కాదు."

"నెల నెల తీస్తలేవా? గిది గూడ గసొంటిదే."

"దండం పెడుత, నువ్వే తియ్యి."

"బేరం బేరమే సేటూ. నేను ముట్ట."

కూర్చున్నాను. వేళ్లు వాటంతటవే పోయాయి, దుకాణం తాళం తిప్పినట్టు. తెర మీద ఒక గీత జరగటం మొదలుపెట్టింది. గూట్లో పొద్దుటి ఊదుబత్తి బూడిద ఇంకా అలాగే ఉంది. చాలా సేపటికి తెర మీద మొట్టమొదటి వరస పడింది. పరీక్ష బడి, ఒకటో తరగతి. కుడి భుజం అర ఇంచు కిందికి.

"మొదలు నేనచ్చిన" అన్నాడు నా వెనక నుంచి. "ఎనుక పిలగాండ్లు అస్తున్నరు, చూడు."

వచ్చారు. ఒక్కొక్క బడే, ఒక్కొక్క తరగతే, పద్దెనిమిది బడులూ. నేను ఏడ్చాననీ, ఆయన చెయ్యి పట్టుకున్నాననీ మావాళ్లు చెప్తారు. నాకు గుర్తు లేదు. బేరగాడికి తనకు గిట్టని సంగతులు గుర్తుండవు. ఆ సాయంత్రం లావణ్య ఫోన్ ఎత్తిపట్టి నలభై మిషిన్ల చప్పుడు నాకు వినిపించింది.

కృతజ్ఞతగా ఆయనకొక అంగి కుట్టించాను. కొలతలు ఉండనే ఉన్నాయి. ఇక్కడ నా బుద్ధి చెప్పుకోవాలి. బట్ట మాత్రం కోరుట్ల వైపు ఒక బడికి కుట్టగా మిగిలిన ముక్క, నీలి గడులది. మీటరున్నర ముక్క ఊరికే పడి ఉందని. ఆయన విప్పి చూసి, "ఒకటో తరగతి డ్రస్సు అచ్చింది" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి మొదటి సోమవారం అదే తొడుక్కుని వచ్చేవాడు. మా కోరుట్ల దుకాణానికి పోయినప్పుడు అక్కడి బస్టాండులో ఆ బడి పిల్లలు ఆయన వెంటపడి, "సార్, మీరు ఏ సెక్షను?" అని అడిగేవాళ్లట. నాకు చెప్తూ నవ్వేవాడు. మంచి బట్టతో ఇంకోటి కుట్టిస్తానని ఏటేటా అన్నాను. ఏటేటా సీజన్ అయిపోయేది.

ఆయన దగ్గర నాకు అర్థం కానిది ఇంకొకటి ఉంది. మా దుకాణాల్లో సామెతలాంటి మాట ఒకటుంది, తాళం చెవి మింగినోణ్ని పనిలోంచి తియ్యలేవని. ఈయన మింగలేదు. ప్రతి దుకాణానికీ ఒక పొడుగు నోట్‌బుక్కు రాసి, దారం కట్టి మేకుకు వేలాడదీశాడు. ఏ వైరు ఎటు పోతుంది, ఏ పెట్టె ఎప్పుడు కొన్నది, ఏ తాళం మాట, అంటే పాస్‌వర్డు, ఏమిటి, అన్నీ తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. తాళం మాటలున్న పేజీ మాత్రం మడిచి కుట్టేసి దేవుని గూట్లో పెట్టాడు.

"అన్ని రాసిస్తివి. రేపు నిన్ను తీసేసి అగ్గువకు ఇంకోన్ని పెట్టుకుంటె?" అన్నాను ఒకసారి. సగం ఎగతాళి, సగం నిజంగానే లెక్క వేస్తూ.

"పెట్టుకో. వాడు గిది చదివి నడిపిచ్చిండనుకో, నేను పని మంచిగ చేసినట్టు."

ఇట్లాంటి మనిషితో బేరం ఎట్లా ఆడతారు మీరే చెప్పండి.

పోయిన రోజు సాయంత్రానికి సిరిసిల్ల చేరాను. అప్పటికే అంతా అయిపోయింది. చిన్న ఇల్లు. వాకిట్లో షెడ్డు ఆడవాళ్లు పది పదిహేను మంది కూర్చుని ఉన్నారు. పక్కింట్లో సాంచలు ఆపేశారు. ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆగాల్సినవి ఆగినయి అనుకున్నాను. లోపల మేకుకు నీలి గడుల అంగి వేలాడుతోంది, ఉతికి, ఇస్త్రీ చేసి. మనిషి లేకుండా కూడా కుడివైపు అర ఇంచు కిందికే ఉంది.

ఆయన భార్య నన్ను చూసి, "సేటూ, సోమవారానికని మొన్ననే ఇస్త్రీ చేయిచ్చిండు" అంది. నేను గొంతు సవరించుకున్నాను.

సోమవారం వచ్చింది.

దుకాణం తెరిచాను, మెయిన్ ఎత్తాను, దీపం పెట్టాను. పొడుగు రకం ఊదుబత్తి వెలిగించాను. అది ఆరేదాకా స్టూలు ఖాళీగానే ఉంది. ఒక గిరాకీ కూర్చోబోతే మావాళ్లు ఇంకో కుర్చీ చూపించారు, నేను చెప్పకుండానే. మేకు నుంచి నోట్‌బుక్కు దించి, మొదటి సోమవారం అని రాసి ఉన్న పేజీ తెరిచాను. పదకొండు మెట్లు రాసి ఉన్నాయి. చదవాల్సిన పని పడలేదు. పదేండ్లుగా నా చేతులతో నేనే తీస్తున్నాను కదా. మొదటి రోజు బేరంలో గెలిచింది ఎవరో మా ఆవిడకు బియ్యంలో రాళ్లేరుతూనే తెలిసింది. నాకు తెలియటానికి ఆయన పోవాల్సి వచ్చింది.

సిరిసిల్లకు ఫోన్ చేశాను. "లావణ్యా, అసలు లిస్టు తెరిసినవా బిడ్డా?"

"తెరిసిన సార్." గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "సార్, మొదటిది చదవాల్నా? షెడ్డుల అంటున్నరు, గిప్పుడు ఆ పేరు తీసెయ్యరాదా, సూస్తె బాదైతుందని."

"తియ్యొద్దు."

"మరి పై తరగతికి పంపుదామా?"

"ఏడున్నడో ఆడనే ఉండనియ్యి."

కాపీ నుంచి తీశాను. వరస పడింది. చదివాను. పరీక్ష బడి. ఒకటో తరగతి. ఛాతి చదివాను, ఆమె కలిసింది అంది. చెయ్యి చదివాను, కలిసింది అంది. పొడుగు చదివాను, కలిసింది అంది.

అటు నుంచి మిషిన్ల చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఎదురుచూస్తోంది.

"సార్, భుజం చెప్పలే."

"కుడి భుజం" అన్నాను. గొంతు సవరించుకున్నాను. "కుడి భుజం అర ఇంచు కిందికి."

"ఆఁ, కలిసింది సార్. ఇగ పిలగాండ్లయి చదువుండ్రి."